విడదీసి మోసుకెళ్లే క్రాప్స్ టేబుల్: సొంతంగా చేసుకుని కొన్నేళ్లు వాడాక నా మాట

క్రాప్స్ అంటే రెండు పాచికలతో పందెం కాసే క్యాసినో ఆట. మా టేబుల్ కొలతలతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాని మంచీచెడ్డా సగం అక్కడే తేలిపోయింది. పొడవు 7 అడుగులు, వెడల్పు మూడున్నర. మధ్యలో విడదీస్తే రెండు చదరపు పెట్టెలవుతుంది, ఒక్కోటి 42 అంగుళాలు. మూలలు గుండ్రంగా వంచే పని పెట్టుకోకుండా ఏటవాలుగా కోసేశాం, కాబట్టి పైనుంచి చూస్తే ఎనిమిది భుజాలు కనిపిస్తాయి. చుట్టూ 9 అంగుళాల గోడ, గోడ మీద చిప్స్ (పందేనికి డబ్బు బదులు వాడే బిళ్లలు) నిలబెట్టుకోవడానికి గాడి తీసిన చెక్క రెయిల్, కింద మడిచే ఇనప కాళ్లు. అరంగుళం ప్లైవుడ్ షీట్లు రెండు పట్టాయి. 4×8 షీటు ఒకదాంట్లో అడుగుభాగం మొత్తం వచ్చేసింది. రెండోదాన్ని 9 అంగుళాల పట్టీలుగా కోస్తే గోడలకి పోను ఇంకా మిగిలింది.

ఎందుకీ గోల అంటే, మేముండేది డాలస్ పక్కన ప్లేనోలో. టెక్సస్‌లో లాస్ వేగస్ తరహా క్యాసినోలు లేవు. క్రాప్స్ ఆడాలంటే ఐ-35 హైవే ఎక్కి, రెడ్ రివర్ దాటి, ఓక్లహోమాలో థాకర్‌విల్ దగ్గరున్న విన్‌స్టార్ క్యాసినోకి వెళ్లాలి. అక్కడ కూడా 2018లో చట్టం మారాకే నిజమైన పాచికలు టేబుల్ ఎక్కాయి. శనివారం రాత్రి టేబుల్ దగ్గర నిలబడటానికి చోటు దొరకడమే గొప్ప. దొరికినా ఆ అరుపుల మధ్య, డబ్బులు పెట్టి, ఏ గడికి ఏ అర్థమో అడిగి నేర్చుకునే ధైర్యం కొత్తవాళ్లకి ఉండదు. మా బ్యాచ్‌లో రమ్మీ రానివాళ్లు లేరు, క్రాప్స్ వచ్చినవాళ్లు దాదాపు లేరు. అందుకే ఒక బల్ల కావాలనుకున్నాం. ఒకరింట్లో పడి ఉంటే లాభం లేదు, వారం వారం ఎవరింట్లో భోజనాలైతే అక్కడికి రావాలి.

మళ్లీ చేస్తానా అంటే చేస్తాను. కానీ డబ్బూ ఓపికా పెట్టే చోట్లు మారతాయి. వచ్చినవాళ్లంతా ముందు ఆ ఆకుపచ్చ క్లాత్‌నీ చెక్క పాలిష్‌నీ మెచ్చుకుంటారు. ఆట బాగా సాగుతుందా లేదా అన్నది మాత్రం ఎవరూ చూడని రెండు చోట్ల తేలుతుంది: మధ్యలో అతుకు, చివర గోడ.

అతుకు సంగతి ముందు. రెండు సగాలూ కలిసే అంచుల కింద పాప్లర్ చెక్క పట్టీలు బిగించాం. ఒక పట్టీకి రెండు పిన్నులు, రెండోదానికి రెండు రంధ్రాలు. అడుగున మూడు చోట్ల, బయటి గోడలకి చెరొకటి, ట్రంకు పెట్టెలకి వేసే లాంటి లాగి బిగించే క్లిప్పులు. మొదట పెట్టినవి చెక్క పిన్నులు. వానాకాలం తేమకి అవి ఉబ్బి రంధ్రంలో ఇరుక్కునేవి, సుత్తితో తట్టితే గానీ ఊడేవి కావు. చలికాలంలో హీటర్ గాలికి ఎండిపోయి వదులయ్యేవి. వదులైతే ఒక సగం రెండోదాని కన్నా కాస్త పైకి తేలుతుంది. కంటికి ఆనదు, క్లాత్ మీద వేలు పెట్టి రాస్తే తెలుస్తుంది. పాచికకి మాత్రం ఎంచక్కా తెలుస్తుంది. దొర్లుతూ వచ్చినది అక్కడ తట్టుకుని అడ్డదిడ్డంగా ఎగురుతుంది, లేదంటే ఆ మిట్టకి ఆనుకుని ఓరగా నిలబడిపోతుంది. ఓరగా నిలబడ్డ పాచిక ఐదా, మూడా? ఇక ఆ రాత్రికి పంచాయితీ ఖాయం.

డైనింగ్ టేబుల్ మధ్యలో అదనపు పలక వేస్తారు చూశారా, దానికి వాడే ఇత్తడి పిన్నులూ వాటి గొట్టాలూ విడిగా దొరుకుతాయి. అవి వేశాక ఆ గొడవ పోయింది. ఇన్నిసార్లు ఊడదీసి బిగించినా అతుకు ఇప్పటికీ చదునుగానే ఉంది. క్లిప్పుల్లో చవక రకానివి మాత్రం స్ప్రింగు సాగి ఒక్కొక్కటే మార్చాల్సి వచ్చింది. మందపాటి స్టీలువి మొదటే కొనుక్కుంటే రెండోసారి ఖర్చుండదు.

క్లాత్‌ని బల్లకి అతికించలేదు. ఈ టేబుల్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. చాలామంది క్లాత్‌ని కూడా మధ్యకి కోసి రెండు సగాలకీ చెరో ముక్కా అంటిస్తారు. అప్పుడు ముద్రించిన గీతలు రెండు వైపులా సరిగ్గా కలవాలి, కోసిన అంచు పీచు లేవకూడదు, మధ్యలో గీత కనపడకూడదు. ఈ మూడూ ఎన్నాళ్లో నిలవవు. మేం లేఅవుట్‌ని, అంటే పందేల గడులు ముద్రించిన ఆ క్లాత్‌ని, ఒకే ముక్కగా ఉంచి ప్లాస్టిక్ పైపుకి చుట్టి తీసుకెళ్తాం. బల్ల బిగించాక పరిచి, అంచుల్లో వెల్క్రో పట్టీలకి నొక్కితే కదలదు. చుట్టేటప్పుడు ముద్రణ బయటివైపుకి ఉండాలి. లోపలికి చుట్టి కొన్ని వారాలు ఉంచితే పరిచినప్పుడు అంచులు పైకి లేస్తాయి. మడత మాత్రం ఎప్పుడూ పెట్టకండి. మడత గీత మీద పాచిక ప్రతిసారీ తడబడుతుంది, ఇస్త్రీ చేస్తే ముద్రణ పోతుందేమోనని ఇంకో టెన్షన్.

క్లాత్ కింద 3 మిల్లీమీటర్ల మందం ఫోమ్ షీటు ఉంది, పేకాట టేబుళ్లకి వేసే రకం. ఇది కూడా విడిగానే చుట్టుకుని వస్తుంది. ఇంతకన్నా మెత్తగా వేస్తే పాచిక నేలకి తగలగానే చచ్చుబడిపోతుంది, గోడ దాకా పోదు. అసలేమీ వేయకపోతే ప్లైవుడ్ మీద టకటకమంటూ బంతిలా ఎగిరి సోఫా కింద తేలుతుంది. చప్పుడు గురించి కూడా ఆలోచించుకోవాలి. టెక్సస్ ఇళ్లకి బేస్‌మెంట్ ఉండదు, గేమ్ రూమ్ మేడ మీదే. దాని కిందే ఎవరి బెడ్‌రూమో ఉంటుంది.

ఇక చివరి గోడ. క్యాసినోల్లో షూటర్ (పాచికలు వేసే ఆటగాడు) వేసిన రెండు పాచికలూ ఎదురుగోడకి తగిలి వెనక్కి రావాలి. ఆ గోడకి చిన్న చిన్న పిరమిడ్‌ల వరుసలున్న రబ్బరు షీటు అంటించి ఉంటుంది. పాచిక దానికి తగిలితే ఏ కోణంలో తిరిగొస్తుందో ఎవడూ చెప్పలేడు. చేతి నేర్పుతో కావలసిన అంకె వేస్తామనేవాళ్లకి అడ్డుకట్ట అక్కడే. ఇంట్లో చేసుకునేవాళ్లు డబ్బు కలిసొస్తుందని గోడకి ఎగ్ క్రేట్ ఫోమ్ (గుడ్ల ట్రేలా ఎత్తుపల్లాలున్న ఫోమ్) అంటిస్తారు, మాకూ కొన్నాళ్లు అదే ఉండేది. చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది, పని మాత్రం వేరు. ఫోమ్ పాచిక వేగాన్ని మింగేస్తుంది. పాచిక తగిలి, గోడ పక్కనే నిలువుగా జారి పడుతుంది. పైగా క్యాసినో పాచికల అంచులు వాడిగా ఉంటాయి, ఫోమ్‌ని ఎలకలు కొరికినట్టు చిన్న చిన్న ముక్కలుగా రాలుస్తాయి. ప్రతి ఆట తర్వాతా ఆ నల్లటి నలుసుల్ని క్లాత్ మీద నుంచి దులపాలి.

అసలు రబ్బరు తెప్పించి రెండు చివరలకీ ఏటవాలు మూలలకీ వేసిన రోజు నుంచి ఇది వేరే బల్ల. ఖర్చులో అన్నిటికన్నా పెద్ద పద్దు ఇదే, నిలవడంలోనూ ఇదే ముందుంది. ఇన్నేళ్లలో ఒక్క పిరమిడ్ కూడా అరగలేదు. ఒకటే గుర్తుంచుకోండి: రబ్బరు బరువైనది. డబ్బాలోంచి స్ప్రే చేసే జిగురుతో అంటిస్తే చలికాలమంతా బాగానే ఉంటుంది. ఎండాకాలం గ్యారేజ్‌లో పెట్టి తలుపు మూశామో, పైనుంచి ఒలుచుకుని వేలాడుతుంది. డాలస్‌లో జులై, ఆగస్టుల్లో బయటే 100 ఫారన్‌హీట్ దాటుతుంది, మూసిన గ్యారేజ్ సంగతి చెప్పక్కర్లేదు. ఇండియాలో సోఫా పనివాళ్లు వాడే ఘాటైన పసుపు జిగురు జాతిది ఇక్కడ కాంటాక్ట్ సిమెంట్ పేరుతో దొరుకుతుంది. గోడకీ రబ్బరుకీ రెండింటికీ పూసి, చేతికి అంటకుండా ఆరనిచ్చి, అప్పుడు కలపాలి. కలిపాక సర్దుకోవడం ఉండదు, పడ్డచోటే పడుతుంది. ఆ పని గ్యారేజ్ తలుపు పూర్తిగా తెరిచి చేయండి, తల తిరిగిపోతుంది. పై అంచున సన్నటి చెక్క బద్దీ కొట్టి మరలు బిగిస్తే ఇక దిగుల్లేదు.

గోడ ఎత్తు 9 అంగుళాలు చాలదు. దీని మీద మా ఇంట్లో ఏకాభిప్రాయం ఉంది. 7 అడుగుల బల్ల మీద పాచిక పోవాల్సిన దూరం తక్కువ, వేసేవాళ్లలో సగం మంది చిన్నప్పుడు క్రికెట్ ఆడినవాళ్లు. బౌండరీ నుంచి త్రో వేసినట్టు వేస్తే రబ్బరుకి తగలకుండానే గోడ దాటి పోతుంది. 11 అంగుళాలుంటే చాలావరకు ఆగేవి. అయితే గోడ పెరిగేకొద్దీ పొట్టివాళ్లకి వంగి చిప్స్ పెట్టడం కష్టం, కారులో పెట్టడం కూడా కష్టం. నా వరకు ఎత్తే మేలు. పాచికల కోసం మంచాల కింద దూరడం కన్నా వంగడం నయం.

రెయిల్‌కి పాప్లర్ చెక్క మీద రౌటర్‌తో (చెక్కలో గాడి తీసే యంత్రం) రెండు గాళ్లు తీశాం. చిప్ అడ్డుకొలత 39 మిల్లీమీటర్లు. గాడి అంతకన్నా రవ్వంత వెడల్పుగా, అడుగు గుండ్రంగా ఉంటే చిప్స్ నిలువుగా వరసగా కూర్చుంటాయి. రౌటర్ లేకపోతే ప్లాస్టిక్ రెయిల్ ముక్కలు అమ్ముతారు, అవి బిగించుకున్నా తప్పులేదు. మోచేతులు ఆనించుకునే చోట ఫోమ్ మీద రెక్సిన్ కప్పి స్టేపుల్ చేశాం. రెక్సిన్ మీద ఒకటి రెండు చోట్ల చీలికలొచ్చాయి, అవీ గోడ మూలల దగ్గర. అక్కడ లాగి బిగించిన చోటే ముందు చిరుగుతుంది. తుడుచుకోవడానికి దీన్ని మించింది లేదు కాబట్టి క్లాత్ రెయిల్ గురించి ఆలోచించకండి. మిర్చి బజ్జీ తిన్న చేతులు ముందు పడేది ఇక్కడే.

తిండి సంగతి వచ్చింది కాబట్టి పసుపు మరక గురించి చెప్పాలి. క్యాసినోలో గ్లాసులు రెయిల్ కింద అరలోనే ఉండాలి, బల్ల మీదకి రాకూడదు. మన ఇళ్లలో ఈ రూలు తొలి పావుగంటే నిలుస్తుంది. ఒకసారి సంక్రాంతి భోజనాల్లో పులిహోర ప్లేటు ఒరిగి, సరిగ్గా కమ్ అని రాసిన తెల్లటి అక్షరాల మీద అరచేయంత పచ్చటి మరక పడింది. సబ్బు నీళ్లకి ఆ పసుపు కాస్తా నారింజ రంగుకి తిరిగింది. వదిన చెప్పిన చిట్కాతో, తడిగుడ్డతో నూనె జిడ్డు అద్ది తీసేసి, లేఅవుట్‌ని పెరట్లో ఎండలో పరిచాం. పసుపులో రంగునిచ్చే పదార్థం ఎండకి నిలవదు. మరక రెండ్రోజుల్లో వెలిసిపోయింది, ఇప్పుడు చూపిస్తే తప్ప కనపడదు. అంటించిన క్లాత్ అయితే బల్ల మొత్తాన్ని మోసుకెళ్లి ఎండలో పెట్టాలి.

కాళ్ల గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఫంక్షన్ హాళ్లలో మడిచే టేబుళ్లకి ఉండే ఇనప కాళ్లే విడిగా కొన్నాం. అడుగు నేల నుంచి 29 అంగుళాల ఎత్తులో వస్తుంది, దాని మీద గోడ, రెయిల్ కలిపితే నిలబడి ఆడటానికి సరిపోతుంది. ఒక్కో సగానికి బయటి చివర ఒకే జత కాళ్లు పెట్టాం, అది సగం పనే. బిగించేదాకా ఏ సగమూ తనంతట తాను నిలబడదు, ఒకరు పట్టుకుంటే ఇంకొకరు క్లిప్పులు వేయాలి. తర్వాత అతుకు కింద మధ్యలో ఒక మడత కాలు అదనంగా చేర్చాం. జనం రెయిల్ మీద ఒక్కసారిగా వాలినప్పుడు ఊగడం కూడా దాంతో తగ్గింది.

పాచికలు మాత్రం పిల్లల ఆటల డబ్బాలోవి వాడకండి. క్యాసినో పాచిక 19 మిల్లీమీటర్లు, సెల్యులోజ్ అసిటేట్‌తో చేస్తారు, అంచులు గుండ్రంగా కాకుండా పదునుగా ఉంటాయి. చుక్కల కోసం తొలిచిన గుంటల్ని కూడా అదే బరువు తూగే రంగుతో నింపి చదును చేస్తారు, ఏ వైపూ మొగ్గు ఉండకూడదని. క్యాసినోలు కొద్దిసేపు వాడి తీసేసిన వాటిని గీత గీసి లేదా ముద్ర వేసి గిఫ్ట్ షాపుల్లో అమ్మేస్తాయి. ఇంటి ఆటకి అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి. వాటిని లాగడానికి స్టిక్ కూడా కొన్నాం, అది అచ్చం బెత్తమే. మా వాళ్లలో ఒకాయన అది చేత్తో పట్టుకోగానే స్కూల్లో లెక్కల మాస్టారి గొంతు వచ్చేస్తుంది.

బల్ల ఎలా ఉన్నా, ఆట నేర్పడం ఇంకో పని. లేఅవుట్ నిండా గడులే, చూడగానే కొత్తవాళ్లు బెదిరిపోతారు. నేను చేసేదేమిటంటే, మధ్యలో ఉండే ప్రాపొజిషన్ బెట్ల (ఫలానా అంకె లేదా కూర్పు పడుతుందని కాసే విడి పందేల) మీద ఒక అట్టముక్క కప్పేస్తాను. మొదటి గంట పాస్ లైన్ అనే పందెం ఒక్కటే. తొలి వేతలో 7 గానీ 11 గానీ పడితే గెలుపు, 2, 3, 12 పడితే ఓటమి. మిగతా ఏ అంకె పడినా అదే పాయింట్. ఇక 7 కన్నా ముందు ఆ అంకె మళ్లీ పడాలి. ఇంతే. రెండు పాచికలకి 36 కూర్పులు, అందులో ఆరు 7కే పోతాయి కాబట్టి ఆట మొత్తం దాని చుట్టూనే తిరుగుతుంది. ఇది వంటబట్టాక ఆడ్స్ చెప్తాను, అంటే పాయింట్ తేలాక పాస్ లైన్‌కి తోడుగా పెట్టే అదనపు పందెం. పాయింట్ 4 లేదా 10 అయితే ఒకటికి రెండు, 5 లేదా 9 అయితే రెండుకి మూడు, 6 లేదా 8 అయితే ఐదుకి ఆరు. ఈ ఒక్క పందెం మీదే క్యాసినోకి ఒక్క పైసా మొగ్గు ఉండదు. పాస్ లైన్ మీద హౌస్ ఎడ్జ్, అంటే పందెంలో సగటున క్యాసినోకి మిగిలే వాటా, 1.41 శాతం. అట్టముక్క కింద దాచిన ఎనీ సెవెన్ (తర్వాతి వేతలోనే 7 పడుతుందనే పందెం) మీద 16.67. అట్ట తీసేటప్పుడు ఈ రెండు అంకెలూ పక్కపక్కన చెప్తే చాలు, ఎవరికి వాళ్లకే అర్థమైపోతుంది. అర్థమయ్యాక కూడా పెట్టేవాళ్లు పెడతారనుకోండి.

డీలర్‌గా నిలబడే వాడికి ఒక మాట. 6, 8 మీద ప్లేస్ బెట్ (7 కన్నా ముందు ఆ అంకె పడుతుందనే పందెం) ఆరుకి ఏడు ఇస్తుంది, కాబట్టి ఆరు చొప్పునే పెట్టమని చెప్పండి. ఎవరైనా ఐదో పదో పెట్టారంటే మీరు భాగహారాలు చేస్తూ కూర్చోవాలి. క్యాసినో బల్లలు 12, 14 అడుగులుంటాయి, రెండు చివరలా ఒకే లేఅవుట్, నడపడానికి ఇద్దరు డీలర్లు, స్టిక్‌తో పాచికలు లాగే ఒక స్టిక్‌మన్, కూర్చుని అన్నీ కనిపెట్టే బాక్స్‌మన్. మాది ఒక్కడు నడిపే సగం లేఅవుట్. ఆడేవాళ్లు ఆరుగురు దాటితే ఆ ఒక్కడికీ ఊపిరాడదు.

భీమవరం నుంచి మామయ్య వచ్చినప్పుడు బల్లని అటూ ఇటూ తిరిగి చూసి, "గుండాటకి ఇంత ఆర్భాటం ఏంట్రా?" అన్నారు. సంక్రాంతి బరుల పక్కన బొమ్మల పాచికలతో ఆడే ఆట చూసిన మనిషి. పాస్ లైన్, పాయింట్ అని నేను చెప్పబోతే చేత్తో వారించి నేరుగా ఫీల్డ్ అనే గడి మీద చిప్స్ పెట్టారు. ఒక్క వేతలో తేలిపోయే పందెం అది, ఆయనకి అలవాటైన పద్ధతి. గడిలో ఏడు అంకెలు కనిపిస్తున్నాయి కదా, సగం పైన గెలుపే అనిపిస్తుంది. నిజానికి 36 కూర్పుల్లో దానికి గెలుపిచ్చేవి 16, పోగొట్టేవి 20. ఆ లెక్క చెప్తే, "బరి పెట్టినవాడు నష్టానికి పెడతాడేంట్రా" అని నవ్వి, మళ్లీ అక్కడే పెట్టారు. ఆ రాత్రి ఆయన పాచిక బాగానే పారింది కూడా.

మామయ్య గెలిచింది ఉత్త చిప్స్. మా ఇంట్లో డబ్బులకి ఆడం, దానికి నీతి నియమాల కన్నా చట్టమే కారణం. టెక్సస్‌లో ఇంటి ఆటకి మినహాయింపు దొరకాలంటే మూడు షరతులున్నాయి: ఆట ప్రైవేటు స్థలంలో జరగాలి, గెలుచుకున్నది తప్ప ఎవరికీ వేరే లాభం ఉండకూడదు, నేర్పు, అదృష్టం మినహాయిస్తే గెలుపోటముల అవకాశం అందరికీ సమానంగా ఉండాలి. రమ్మీకీ పోకర్‌కీ ఇవి సరిపోతాయి. క్రాప్స్‌లో ఒకరు బ్యాంకు నడపాలి, లెక్క ఎప్పుడూ బ్యాంకు వైపే మొగ్గుతుంది, మూడో షరతు అక్కడే దెబ్బతింటుందని నాకు అర్థమైంది. అందరికీ సమానంగా చిప్స్ పంచుతాం, చివరికి తక్కువ మిగిలినవాళ్లు గిన్నెలు తోమాలి. ఈ పందేనికే జనం ఎంత సీరియస్‌గా ఆడతారో చూస్తే డబ్బు అవసరం లేదనిపిస్తుంది. మీరున్న రాష్ట్రంలో రూల్స్ వేరుగా ఉండొచ్చు, చూసుకోండి.

మా బ్యాచ్‌లో ఒకతను పాచికల్ని ఒక పద్ధతిలో పట్టుకుని మెల్లగా జార్చి 7 రాకుండా చేస్తానంటాడు. అట్లాంటిక్ సిటీలోని బోర్గాటాలో 2009 మే 23న పట్రీషియా డెమారో అనే ఆవిడ సెవెన్ అవుట్ (పాయింట్ కన్నా ముందే 7 పడి ఓడటం) కాకుండా 154 సార్లు పాచికలు వేసింది, 4 గంటల 18 నిమిషాలు. దాన్ని ఉదాహరణగా చూపిస్తాడు. ఆవిడ క్రాప్స్‌కి దాదాపు కొత్త అన్న సంగతి మాత్రం చెప్పడు. ఫోమ్ గోడ ఉన్న రోజుల్లో అతని మాట నిజమేనేమో అనిపించేది, పాచికలు గోడ పక్కన బుద్ధిగా పడేవి. రబ్బరు వచ్చాక అందరిలాగే అతనూ సెవెన్ అవుట్ అవుతున్నాడు.

మోత విషయానికొస్తే, ఒక్కో సగం 20 కిలోలకి అటూ ఇటూ తూగుతుంది. ఒక్కడే ఎత్తగలడు గానీ మెట్లెక్కేటప్పుడు ఇద్దరుండాలి. ఇక్కడి ఇళ్లలో లోపలి తలుపుల వెడల్పు 30, 32 అంగుళాలు, మన పెట్టె 42. పక్కకి నిలబెట్టి తీసుకెళ్తే సులువుగా దూరుతుంది, కాకపోతే గుమ్మానికి రాసుకుంటుంది. క్లిప్పులు పొడుచుకొచ్చి ఉంటే మాత్రం తలుపు ఫ్రేమ్ రంగు గీసుకుపోతుంది, ఇంటివాళ్ల మొహం మాడుతుంది. మోసేటప్పుడు క్లిప్పుల మీద టేపు అంటించడం అలవాటైంది. మినీవ్యాన్‌లో వెనక వరస సీట్లు మడిచేసి, ఒక సగం మీద రెండోదాన్ని బోర్లిస్తే రెండడుగుల మందం మూత పెట్టె అవుతుంది. చిప్స్ కేసు, స్టిక్, ఫోమ్ అన్నీ దాని పొట్టలో పట్టేస్తాయి. చిన్న కార్లలోకి ఎక్కదు, ప్రయత్నించకండి. ఇద్దరం చేస్తే ఇరవై నిమిషాల్లో బిగిస్తాం, ఊడదీయడం ఇంకా తొందరగా అయిపోతుంది. అర్ధరాత్రి దాటాక మాత్రం ఊడదీయడానికి ఎవరూ దొరకరు, తెల్లారి మళ్లీ రావాలి.

దాచడంలో ఒక జాగ్రత్త. గోడకి ఏటవాలుగా ఆనించి నెలల తరబడి వదిలేస్తే అరంగుళం ప్లైవుడ్ మధ్యలో వంగుతుంది. నిటారుగా నిలబెట్టండి, లేదా పూర్తిగా పడుకోబెట్టండి. అడుగున అడ్డంగా చెక్క పట్టీలు వేస్తే వంపు రాదు, బరువు కాస్త పెరిగినా ఫర్వాలేదు.

ఖర్చు అంతా కలిపి 600 డాలర్ల చుట్టూ అయింది, పనిముట్లు అప్పటికే ఉన్నాయి. టేబుల్ సా, రౌటర్ కొత్తగా కొనాలంటే ఈ లెక్క పనికిరాదు, రెడీమేడ్‌ది చూసుకోవడమే మేలు. షీట్లు పెద్ద హార్డ్‌వేర్ స్టోర్లలో అక్కడికక్కడే కోసిస్తారు, మూలల ఇరవై రెండున్నర డిగ్రీల కోతలు మాత్రం మీరే చేసుకోవాలి. అపార్ట్‌మెంట్‌లో ఉండి దాచే చోటు లేనివాళ్లకి ఈ బల్ల వద్దనే చెప్తాను. చుట్టి పెట్టుకునే లేఅవుట్ ఒకటి కొని డైనింగ్ టేబుల్ మీద పరిచి, చివర L ఆకారంలో రెండు పలకలు నిలబెట్టి వాటికి రబ్బరు అంటించుకుంటే ముప్పాతిక మజా వచ్చేస్తుంది. లేఅవుట్‌లో చవకది కొన్నా నష్టం లేదు, అది ఎలాగూ కొన్నేళ్లకి మారుస్తాం.

మా రెండో బల్ల కొలతలు కాగితం మీద సిద్ధంగా ఉన్నాయి: గోడ 11 అంగుళాలు, పొడవు 8 అడుగులు, ఒక్కో సగానికి రెండు జతల కాళ్లు, క్లిప్పులు చెక్కలోకి గుంట తీసి దాచిపెట్టేలా. పాత గోడల రబ్బరు ఒలిచి కొత్తదానికి వేద్దామనుకున్నా గానీ కాంటాక్ట్ సిమెంట్ వదలదు, కొత్తది కొనాల్సిందే. పాత బల్లని రబ్బరుతో సహా ఇర్వింగ్‌లో ఉండే బావమరిది అప్పుడే అడిగి పెట్టుకున్నాడు. వాళ్లింట్లో మెట్లు లేవు.